మిద్దె మీద నాయన గొంతు

నాయన పోయిన ఏడే నేను ఆ చిన్న కంప్యూటరు తెప్పించుకున్నాను. ఆ రెండింటికీ సంబంధం ఏమీ లేదని అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేదాన్ని. తిరుమణి దగ్గర సోలార్ ప్లాంటులో నాది కంట్రోల్ రూం ఉద్యోగం. పొద్దంతా తెర మీద పచ్చ గళ్లు చూస్తూ కూర్చోవాలి. ఏ గడి అయినా ఎర్రబడితే ఫోన్ చేసి చెప్పాలి. ఆ గడి వెనకాల ఏం జరుగుతుందో నాకు తెలియదు. కాపలా కుక్క కూడా ఎందుకు మొరుగుతోందో దానికి తెలిసే మొరుగుతుంది కదా అని నా మీద నాకే చిరాకు. మాతో పనిచేసే ఒక ఇంజినీరమ్మాయి "అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటరు ఒకటి కొనుక్కో అక్కా, ఇంట్లోనే మొదలుపెట్టి అంతా నేర్చుకోవచ్చు" అంది. సరే అన్నాను. నాకు కోపం వచ్చినంత తొందరగానే ఉత్సాహమూ వస్తుంది.

అది వచ్చిన రోజు డబ్బా విప్పితే లోపల ఉన్నది ఒక్క పచ్చ బిళ్ల. తెర లేదు, కీబోర్డు లేదు, తీగ లేదు, పైన కప్పు కూడా లేదు. లోపలి సామానంతా పైకే కనిపిస్తోంది. మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, పక్క వీధిలోనే ఉంటాడు. వయసంతా పావగడలో శెనక్కాయల మిల్లులో పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఊరు చేరాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంది పాపా, సబ్బు బిళ్లంత కూడా లేదే. దీనికి ఇంత డబ్బా యాల?" అన్నాడు.

చార్జరు పెట్టాను. ఎర్ర దీపం వెలిగింది. టీవీకి తగిలించాను. టీవీ నల్లగానే ఉంది. చాలాసేపు ఆ బిళ్లను తిట్టాను. తర్వాత తెలిసింది, దానికి తనదంటూ జ్ఞాపకం ఏమీ ఉండదట. గోరంత మెమరీ కార్డు మీద దాన్ని నడిపించే సరంజామా అంతా ఎక్కించి అడుగున దూర్చితే తప్ప, తానెవరో దానికే తెలియదు. ఆఫీసులో అడిగి, అక్కడి ల్యాప్‌టాప్‌లో కార్డు సిద్ధం చేసుకొని వచ్చాను. ఈసారి పచ్చ దీపం టకటకా కొట్టుకుంది. టీవీ మీద తెల్ల అక్షరాలు వరుసలు వరుసలుగా పైకి పరుగెత్తాయి. అమ్మ వంటింటి గడప మీద నిలబడి చూసింది.

"టీవీ చెడిపోయినాదా ఏంది మా?" అంది.

చెడిపోలేదు. కానీ తెర మూలలో పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకటి వచ్చి పోతూ ఉండేది. కరెంటు చాలడం లేదని దాని గోల. మా మిద్దె ఎక్కితే కనుచూపు మేర ప్యానెళ్లే. ఎక్కడెక్కడికో కరెంటు పంపే నేల మీద కూర్చొని, నా సబ్బు బిళ్లకు కరెంటు చాల్లేదు. ఫోను చార్జరు పీకి దానికి తగిన చార్జరు తెచ్చి పెట్టాక ఆ గుర్తు పోయింది. చిన్న దీపం ఒకటి వెలిగించడం, ఆర్పడం, మిద్దె మీద ఎంత ఎండ ఉందో రాసిపెట్టుకోవడం నేర్చుకున్నాను. పిచ్చి సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే ఉండి ఉంటే బాగుండేది.

ఇక గొర్రెల సంగతి చెప్పాలి. మేము ఒకప్పుడు మందల వెంట తిరిగిన వాళ్లం. నాయన తరానికి సేద్యంలో పడ్డాం. సోలార్ వచ్చినప్పుడు ఊళ్లో అందరిలాగే మా చేనూ కౌలుకిచ్చాం. చేను చుట్టూ కంచె పడింది. నాయన మాత్రం మందను వదల్లేదు. కంచె బయట మిగిలిన బీడు వెంబడి, బండి బాటల వెంబడి మేపుకొనేవాడు. ఒకరోజు సాయంత్రం మంద ఇంటికి రాలేదు. చిన్నాయన వెతుక్కుంటూ పోతే, మా పాత చేను దగ్గర కంచె పక్కన నాయన పడిపోయి ఉన్నాడట. గుండె ఆగింది. గొర్రెలు ఎటూ పోకుండా చుట్టూ నిలబడి ఉన్నాయట. నేను అప్పుడు డ్యూటీలో, పచ్చ గళ్ల ముందు ఉన్నాను. అక్కడికి మైలు దూరం కూడా ఉండదు.

ఆ తర్వాత మందను చిన్నాయన మేపడానికి ఒప్పుకున్నాడు. అమ్మ మోకాళ్లు నడవనివ్వవు. నేనొక్కదాన్నే కూతుర్ని, నాకు ఉద్యోగం. పొద్దున పోవడానికి ఆ గొర్రెలు ఏ పేచీ పెట్టేవి కావు. సాయంత్రమే తంటా. పొద్దు వాలేసరికి నాయన పడిపోయిన చోటికి చేరేవి. కంచెకు మొహాలు పెట్టి నిలబడేవి. చిన్నాయన ఎంత అదిలించినా కదిలేవి కావు. అవతల ప్యానెళ్లు వరుసగా పడమరకు వాలి ఉండేవి, ఇవతల ఇవి. బస్సులోంచి నాకు ఆ దృశ్యం రోజూ కనిపించేది. చూడకూడదనుకొని ఫోనులో తల దూర్చేదాన్ని, మళ్లీ చూసేదాన్ని.

మా ఇళ్లల్లో ఒక పట్టింపు ఉంది. ఒక్కో కాపరికి ఒక్కో కేక ఉంటుంది. ఒకరిది ఇంకొకరికి రాదు, మంద దానికే అలవాటు పడుతుంది. కాపరి పోతే, మందకు మళ్లీ బొచ్చు కత్తిరించే దాకా ఆయన కేక ఎవ్వరూ వెయ్యకూడదు. పాత బొచ్చుతో పాటు ఆ గొంతు కూడా వాటి మీద నుంచి పోవాలంటారు. అప్పుడే కొత్త మనిషిని ఒప్పుకుంటాయట. కత్తిరింపు ఇంకా చాలా దూరంలో ఉంది. అంతవరకూ తన వల్ల కాదని చిన్నాయన తేల్చేశాడు.

"వదినా, రోజూ చీకటి పడినాక ఒక్కోదాన్ని చెవి పట్టుకోని ఈడ్చుకోని వస్తాండా. ఆడ కుక్కలు తిరుగుతాండాయి. ఈ వయసులో నాకు అయ్యేపని కాదు. సంతకు తోలేద్దాం" అన్నాడు.

అమ్మ తలెత్తలేదు. రాళ్లు ఏరుతున్న చాట పక్కన పెట్టింది.

"సంతకు అంటే కోతకే గదప్పా. ఆయప్ప చేత్తో పాలు తాపి పెంచినవి. ఆయప్ప గొంతు ఎరిగినవి ఇంక అవే ఉండేది. నేను తోలనీను" అంది.

"మరి ఎవరు మళ్లిస్తారు వదినా? నువ్వా?"

అమ్మ మోకాళ్లు తడుముకుంది. అప్పుడు నా నోరు ఊరుకోలేదు. నేను మళ్లిస్తాను, నా సబ్బు బిళ్ల మళ్లిస్తుంది అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోవడం నా వల్ల ఎప్పుడూ కాదు.

నాయన గొంతు మా దగ్గర ఒక్కచోటే ఉంది. ఫోను చెవికి ఆనిస్తే "ఆ" అనడం తప్ప ఆయన ఇంకో మాట మాట్లాడేవాడు కాదు కాబట్టి ఫోనులో ఏమీ లేదు. చిన్నాయన కూతురి పెళ్లికి ముందు రోజు, ఇంట్లో ఆడవాళ్లు పసుపు పూస్తుంటే దాని స్నేహితురాలు తీసిన వీడియో ఉంది. అందులో నాయన కనిపించడు. నవ్వుల మధ్య, ఎక్కడో పైనుంచి ఆయన కేక వినిపిస్తుంది. లోతుగా మొదలై, సాగి సాగి, చివర పైకి లేచి ఆగుతుంది. కాస్త ఆగి మళ్లీ ఒకసారి. సాయంకాలం వేళ, మంద ఇంటికి వచ్చే వేళ. అది మందను ఇంటికి రమ్మనే కేకే, నాకు ఎలాంటి అనుమానమూ కలగలేదు. చిన్నప్పుడు వంక దగ్గర రేగుపళ్లు ఏరుకుంటూ ఉంటే ఇదే కేక వినిపించేది. "వస్తాండా" అని అరిచి పరుగెత్తేదాన్ని. ఐదో తరగతికే హాస్టల్లో వేశారు కాబట్టి మంద వెంట నేను తిరిగింది తక్కువ. ఇంటికి రమ్మనే కేక అంటే నాకు తెలిసింది అదొక్కటే.

ఆ ముక్కను కత్తిరించి, నవ్వులు తగ్గించి, గొంతు పెంచి శుభ్రం చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని అదే ముక్క మళ్లీ మళ్లీ విన్నాను. మొదట్లో ఏడ్చాను. తర్వాత తర్వాత ఏడుపు రావడం మానేసింది. చివర్లో గరగర ఎక్కడుంది, బుసబుస ఎక్కడుంది అని మాత్రమే వింటున్నానని తెలిసి భయం వేసింది. చచ్చిపోయిన మనిషి గొంతును బట్ట ఉతికినట్టు ఉతుకుతున్నాను.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన స్పీకరు పెట్టాను. బోర్డు మాత్రం కింది గదిలోనే ఉంది. ఫలానా వేళకు ఫలానా పని చెయ్యమని అందులో ఒక వరుస రాసిపెడితే చాలు, మనం ముట్టుకోకుండానే చేస్తుంది. అంతా అయ్యాక అమ్మకు వినిపించాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. అమ్మ విన్నది. చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఈ కేక వద్దు మా" అంది.

"బొచ్చు తియ్యకముందు వెయ్యకూడదనేనా? అది మనుషులకమ్మా. ఇది యంత్రం."

"దానికి కాదు."

"మరి దేనికి?"

అమ్మ గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నాకు ఒళ్లు మండింది. గొర్రెలు అమ్మకూడదు, వాటిని మళ్లించే దారి చూపిస్తే అదీ కూడదు. ఇంతటి చాదస్తంతో ఎవరు వేగుతారు అని గట్టిగానే అన్నాను, వినబడాలనే అన్నాను.

మొదటి రోజు సాయంత్రం సెలవు పెట్టి మిద్దె మీద కూర్చున్నాను. వేళ అయింది. నా వెనక నుంచి నాయన కేక వేశాడు. నేనే రాసి, నేనే పెట్టి, నేనే ఎదురు చూస్తున్నా సరే, వెనక్కి తిరిగి చూశాను. ట్యాంకు, స్పీకరు, ఆరేసిన దుప్పటి. దూరంగా కంచె దగ్గర మంద ఒక్కసారిగా తలలెత్తింది. అంతే, దుమ్ము లేచింది. చిన్నాయన వెనకపడిపోయాడు. బీడు దాటి, బాట దాటి మా వీధిలోకి వచ్చేశాయి. నేను ఆనందంతో కేక పెట్టాను. కిందికి పరుగెత్తాను.

అవి రొప్పం లోపలికి పోలేదు. రొప్పం అంటే గొర్రెలను రాత్రిపూట ఉంచే ముళ్ల కంప దడి, మా ఇంటి పక్కనే ఉంటుంది. దాని వాకిలి బార్లా తెరిచి ఉంది. అవి వాకిలి ముందు ఆగి, వెనక్కి తిరిగి, వచ్చిన బాట వైపే మొహాలు పెట్టి నిలబడ్డాయి. ఒక్కటీ అరవలేదు. మేత లేదు, నెమరు లేదు. స్పీకరు మళ్లీ పలికితే చెవులు మాత్రం నిక్కబొడుచుకునేవి. చిన్నాయన కర్ర ఊపాడు, నెట్టాడు. నెట్టిన గొర్రె చుట్టూ తిరిగి వచ్చి మళ్లీ అదే చోట నిలబడేది. చీకటి పడ్డాక ఎప్పట్లాగే చెవులు పట్టి లోపలికి లాగాల్సి వచ్చింది.

నేను దాన్ని తప్పు అనుకోలేదు, సగం గెలుపు అనుకున్నాను. ఎక్కడో చిన్న లోపం ఉంది, సరిచేస్తే అయిపోతుంది. గొంతు తగ్గించాను. పెంచాను. స్పీకరును మిద్దె దించి రొప్పం లోపల గుంజకు కట్టాను. రోజూ ఒకటి మార్చడం, రోజూ చూడడం. రోజూ అవి వచ్చేవి, వాకిలి దగ్గరే ఆగేవి, బాట వైపు చూసేవి. ఎవరో ఇంకా రావాల్సి ఉన్నట్టు. మా వీధి ఆడవాళ్లు ఆ వేళకు వాకిళ్లలో కూర్చోవడం మానేశారు. నీళ్లకు పోయేవాళ్లు చుట్టు తిరిగి పోయేవారు. అమ్మ తలుపు వేసుకొనేది. నేను మాత్రం మొండిగా ఆ మంద ముందు నిలబడి, అవి చూసే వైపే చూసేదాన్ని. బాట ఖాళీగా ఉండేది. చూడగా చూడగా నాకూ ఎవరో వస్తారనిపించేది.

అలా ఉండగా ఒకరోజు నేను ఆఫీసులో ఉండగానే చిన్నాయన ఫోన్ చేశాడు.

"పాపా, మీ నాయన పట్టపగలు పిలుస్తాండాడు. శెనక్కాయ చేన్లో కలుపు తీసే ఆడోళ్లంతా పని ఇడిచిపెట్టి ఇండ్లకు పోయినారు. మంద మేత ఇడిచిపెట్టి వీధిలో నిలబడుకోని ఉండాది. నువ్వు ఉన్నపళంగా రా."

ఉరుకులు పరుగుల మీద వచ్చాను. వచ్చి చూస్తే సంగతి అర్థమైంది. ఆ బోర్డుకు సొంత గడియారం ఉండదు. వేళ ఎంతైందో నెట్‌ని అడిగి తెలుసుకుంటుంది. ముందురోజు సాయంత్రం కేకకు కాస్త ముందు కరెంటు పోయింది. మర్నాడు పొద్దెక్కాక వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. దాంతో అది ఎక్కడ ఆగిందో అక్కడే లేచింది. దాని లెక్కలో ఇంకా నిన్నటి సాయంత్రమే. మధ్యలో ఒక రాత్రి గడిచిందని దానికి తెలియదు. ఇదంతా చిన్నాయనకు చెప్పాను. ఆయన చెవికి ఎక్కలేదు. నిజం చెప్పాలంటే, చెబుతుంటే నాకూ ధైర్యంగా ఏమీ లేదు. ఆగిపోయిన చోటే లేచి, ఏమీ జరగనట్టు పిలవడం దయ్యాలు చేసే పనే కదా.

వంటింట్లోకి పోతే అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉంది. పెద్ద తపేలాలో నీళ్లు సలసలా కాగుతున్నాయి. మంద తోలుకొని వచ్చాక కాళ్లు కడుక్కోవడానికి నాయనకు వేడినీళ్లు పెట్టడం అమ్మకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు.

"అమ్మా" అన్నాను.

"నాకు తెలుసులే మా, ఆయప్ప రాడని. ఆ గొంతు ఇనపడితే చేతులు ఊరికే ఉండల్యా" అంది.

నేను ఆ రోజే వేళకు పలికే వరుస తీసేశాను. ఇక నుంచి నేను దగ్గరుండి నొక్కితే తప్ప పలకదని చిన్నాయనకు మాట ఇచ్చాను. ఆయన మెత్తబడలేదు. ఈ వారం సంతకే తోలేస్తాను, బేరగానికి కూడా చెప్పాను, రేపు పొద్దున బండి వస్తుంది అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. మనిషి సగమైపోయాడు. ఈ ఒక్క సాయంత్రం చూద్దాం చిన్నాయనా అని బతిమాలాను. నేను ఎవరినైనా బతిమాలడం ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. అందుకే కాబోలు ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రం స్పీకరును మళ్లీ మిద్దె ఎక్కించి, బోర్డు ముందు కూర్చొని, ఆ ముక్క ఆగకుండా తిరిగేలా నొక్కి బయటికి వచ్చాను. నాయన పిలిచాడు. మంద వచ్చింది. వాకిలి దగ్గర ఆగింది, తిరిగింది, బాట వైపు చూసింది. చిన్నాయన కర్ర కింద పడేసి అరుగు మీద కూర్చున్నాడు.

"చూసినావు గదా పాపా. ఇంక ఇడిచిపెట్టు" అన్నాడు.

అప్పుడు మా ఇంటి తలుపు తెరుచుకుంది. ఇన్నాళ్లూ ఆ వేళకు లోపలే ఉండిన అమ్మ గోడ పట్టుకొని మెట్లు దిగి వచ్చింది. మందను చూసింది. నా పక్కకు వచ్చి నిలబడింది.

"అవి పోవు మా. ఇది ఇంటికి రమ్మనే కేక కాదు" అంది.

"మరేంది?"

"రొప్పంలోకి తోలే కేక వేరే. శానా చిన్నది. నాలిక కొట్టి రెండు మాట్లు అంటాడు, అంతే. ఇది యాదైనా జీవం తప్పిపోతే వేసేది. తప్పిపోయింది వచ్చేదాకా ఒక్కదాన్ని కూడా లోపలికి పోనిచ్చేవాడు కాదు మీ నాయన. అన్నీ వాకిట్లో నిలబడుకోవల్ల. అవి అట్లనే అలవాటు పడినాయి. ఇంగా ఒకటి రావల్ల అని చూస్తాండాయి."

"అమ్మా, ఆ మాట మొదలే చెప్పుంటే..." అని గొంతు పెంచబోయి ఆగాను. అమ్మ మొహం చూస్తే ఇంకా ఏదో మిగిలి ఉందని తెలిసింది. "ఆ వీడియో తీసిన పొద్దు ఏది తప్పిపోయినాది?" అని అడిగాను.

"ఏదీ లేదు. పెండ్లి పనులుండాయని ఎండుండంగానే మందను తోలేసినారు. అన్నీ లోపలే ఉండాయి." అమ్మ కొంగుతో నోరు తుడుచుకుంది. "సందేళయినా రాకుండా ఉండింది నువ్వే. బస్సు రాలేదని మాకేం తెలుసు? అందరూ పసుపు పూసుకుంటా నవ్వుకుంటాండారు. మీ నాయన ఒక్కడే మిద్దెక్కి నిలబడుకోని పిలుస్తాండాడు. చిన్నప్పటినుంచి నీకు ఆ కేకే గదమ్మా. వంక కాడ ఆడుకుంటా యెనకబడిపోతాంటివి. చెప్తే నువ్వు తట్టుకోలేవని చెప్పలే."

అన్ని రోజులు హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్న గొంతు అది. గరగరలు ఏరాను, బుసలు ఏరాను. చివర పైకి లేచి ఆగే ఆ మెలికను చెడకుండా కాపాడుకున్నాను. అది ఎక్కడున్నావని అడగడమని మాత్రం నాకు వినిపించలేదు. ఆ వీడియోలో కేకకు బదులు లేదు. బదులు పలకాల్సిన దాన్ని నేను. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఆయన మిద్దె దిగిపోయాడు. "వచ్చినావా" అని కూడా అడగలేదు. ఇంటికి రమ్మనే కేక ఎలా ఉంటుందో నాకు తెలియకపోవడంలో వింతేమీ లేదు. అది అప్పటికే మందతో కలిసి నడుస్తున్న వాటికి. నాకు ఎప్పుడూ వేసింది ఇదే.

మిద్దె మీద నుంచి నాయన మళ్లీ పిలిచాడు. గొర్రెలు చెవులు రిక్కించాయి. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

"పో. బాట కాడికి పోయి, ఆడనుంచి వాటి నడుమ రొప్పంలోకి నడుచుకోని పో. వచ్చినావని చూడనీ."

సిగ్గుగా ఉంది. వీధి చివర ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తున్నారు. ప్లాంటు వాళ్లిచ్చిన నారింజ రంగు జాకెట్టు ఇంకా నా ఒంటి మీదే ఉంది. బాట దాకా పోయి తిరిగాను. అన్ని మొహాలూ నా వైపే ఉన్నాయి. ఇన్ని రోజులూ నేను వాటి పక్కన నిలబడి, అవి చూసే వైపు చూశాను. వాటికి ఎదురుగా రావడం ఇదే మొదటిసారి. మిద్దె మీద కేక లేచింది. సాగింది. చివర పైకి లేచి ఆగింది.

"వస్తాండా నాయనా" అన్నాను.

మళ్లీ గట్టిగా అన్నాను. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నడిచాను. గొర్రెలు రెండు పక్కలకూ జరిగి దారి ఇచ్చాయి. వెచ్చటి బొచ్చు నా చేతులకు తగిలింది. వాకిలి దాటి, రొప్పం నడుమకు పోయి నిలబడ్డాను. వెనక గిట్టల చప్పుడు వినిపించింది. ముందు ఒక ముసలి గొర్రె వచ్చింది. తర్వాత దాని పిల్ల. తర్వాత అన్నీ వచ్చాయి, తోసుకోకుండా, రోజూ వచ్చే చోటికి వచ్చినట్టు. నన్ను ఒకటి రెండు వాసన చూశాయి. తర్వాత పట్టించుకోవడం మానేసి పడుకున్నాయి, నెమరు మొదలుపెట్టాయి. మనిషి ముందు నడిచింది కాబట్టి వెంట వచ్చాయని చిన్నాయన ఇప్పటికీ అంటాడు. అయి ఉండవచ్చు. నాయన కూడా ఎప్పుడూ ముందే నడిచేవాడు.

చిన్నాయన వచ్చి వాకిలికి కంప అడ్డం లాగాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటో కన్నీళ్లో నేను అడగలేదు. ఫోను తీసి బేరగానితో రేపు బండి వద్దప్పా అని చెప్పాడు. మరుసటి రోజు నుంచి కర్ర భుజాన వేసుకొని మందకు ముందు నడవడం మొదలుపెట్టాడు. అలవాటు కావడానికి కొన్నాళ్లు పట్టింది, కానీ మంద మాతోనే ఉంది.

ఆ సాయంత్రం నేను రొప్పంలోంచి వచ్చేసరికి పైన కేక ఇంకా తిరుగుతూనే ఉంది. ఖాళీ వీధిలోకి, ఎవ్వరూ తప్పిపోని ఊళ్లోకి. నేను లోపలికి పోయి ఆ బోర్డు ముందు కూర్చున్నాను. ఆపడానికి చెయ్యి రాలేదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ వింటున్నాను. అమ్మ వచ్చి నా వెనక నిలబడింది. నా తల మీద చెయ్యి వేసింది.

"ఇంక మీ నాయనతో పిలిపిచ్చద్దు మా" అంది. "నువ్వొచ్చినావని ఆయప్పకి తెలిసిపాయ."